మీకు తెలుసా? భూమి ఊపు, మేడ ఊపు

భూకంపం వార్త వచ్చిన పూట, ఇరవయ్యో అంతస్తులో కాపురముండే వాళ్లకు బంధువుల ఫోన్లు వరస కడతాయి. "అంత ఎత్తున ఎట్లా ఉంటున్నారమ్మా, కిందికి దిగొచ్చేయండి" అని. కింద కార్ల పార్కింగు, పైన అయిదంతస్తులు ఉన్న అపార్ట్‌మెంటు వాళ్లను మాత్రం ఎవరూ పలకరించరు. ఎత్తును చూస్తే మనకు భయం. భూకంపం లెక్కలు అలా ఉండవు. ఒకే వీధిలో రెండంతస్తుల ఇంటినీ నలభై అంతస్తుల టవర్నీ వదిలేసి మధ్యలో పదంతస్తుల కట్టడాన్ని కూల్చిన సందర్భాలున్నాయి. అది ఎలాగో చూద్దాం.

ప్రతి మేడకూ పుట్టుకతో వచ్చిన ఊపు ఒకటుంటుంది

ఏ కట్టడాన్నయినా పక్కకు నెట్టి వదిలేస్తే కాసేపు అటూ ఇటూ ఊగి ఆగుతుంది. ఒక పక్కకు వెళ్లి, రెండో పక్కకు వచ్చి, తిరిగి బయల్దేరిన చోటికి చేరడానికి పట్టే సమయమే దాని ఆవర్తన కాలం. గట్టిగా నెడితే ఎక్కువ దూరం ఊగుతుంది, మెల్లగా నెడితే తక్కువ దూరం. సమయం మాత్రం దాదాపు అంతే. ఇంజినీర్ల నోటిలెక్క ప్రకారం అంతస్తుకు సెకనులో పదో వంతు. అంటే పదంతస్తులకు ఒక సెకను. మన దేశపు భూకంప ప్రమాణం ఐఎస్ 1893లో ఎత్తును బట్టి ఒక సూత్రం ఉంది. 30 మీటర్ల కాంక్రీటు ఫ్రేముకు, గోడల బలం కలపకుండా లెక్కిస్తే, 0.96 సెకను వస్తుంది. నోటిలెక్క మరీ తప్పేం కాదన్నమాట.

నేలకూ ఇలాంటి ఊపే ఉంటుంది. రాతి నేల చకచకా కదిలి ఆగుతుంది. మందంగా పేరుకున్న మెత్తటి మట్టి నెమ్మదిగా, చాలాసేపు ఊగుతుంది. నిండు బిందె చంకన పెట్టుకుని నడిచిన వాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. అడుగుల లయ నీళ్ల లయతో కలిసిందా, ఎంత నెమ్మదిగా నడిచినా చీర తడుస్తుంది. ఒక్క అడుగు తేడాగా వేస్తే నీళ్లు సర్దుకుంటాయి. నేల ఊపూ మేడ ఊపూ ఇలా కలవడాన్నే అనునాదం అంటారు.

మెక్సికో సిటీలో కూలినవి మధ్యరకం ఎత్తు మేడలే

1985 సెప్టెంబరు 19 ఉదయం మెక్సికో పసిఫిక్ తీరంలో 8.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. రాజధాని అక్కడికి 350 కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంత దూరం వచ్చేసరికి తరంగాలు నీరసపడాలి. నిజానికి పడ్డాయి కూడా. నగరంలో రాతి నేల మీదున్న విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నమోదైన త్వరణం గురుత్వ త్వరణంలో మూడు నాలుగు శాతమే. నగరం నడిబొడ్డు కథ వేరు. అది ఒకప్పటి తెష్కోకో సరస్సు. ఆజ్టెక్కుల రాజధాని ఆ సరస్సులోని దీవి మీద ఉండేది. ఆ తర్వాత సరస్సును ఎండగట్టి దాని అడుగు మీదే నగరాన్ని పెంచారు. అక్కడి బంకమట్టిలో పొడి మట్టి బరువుకు రెండు మూడు రెట్ల నీళ్లుంటాయి. అలాంటి నేల మీద నమోదైన త్వరణం 17 శాతం.

పెరిగిన త్వరణం కన్నా నేల పట్టుకున్న లయే ఎక్కువ నష్టం చేసింది. నేల రెండు సెకన్లకోసారి, క్రమం తప్పకుండా, చాలాసేపు ఊగింది. రెండు సెకన్ల సొంత ఊపున్న కట్టడం గనక విరగకుండా నిలబడితే, దాన్ని పక్కకు తోసే బలం దాని సొంత బరువుకు దాదాపు సమానమయ్యేది! సుమారు ఆరు నుంచి పదిహేను అంతస్తుల కట్టడాలు వరసగా దెబ్బతిన్నాయి. వేలమంది చనిపోయారు. 1956లో కట్టిన 44 అంతస్తుల లాటినోఅమెరికానా టవరు మాత్రం అదే మెత్తటి నేల మీద, అదే నడిబొడ్డున, నిక్షేపంగా నిలబడింది.

లెక్క తెలిసిన పాఠకులు ఇక్కడ పట్టుకుంటారు. రెండు సెకన్లంటే ఇరవై అంతస్తులు కదా, మరి పదంతస్తులవి ఎందుకు కూలాయి? మెత్తటి నేల మీద పునాది కూడా కొంత ఊగుతుంది కాబట్టి మేడ ఊపు మొదటినుంచే కాస్త నెమ్మది. దానికి తోడు, మొదటి కుదుపులకు పిల్లర్లూ బీములూ చిట్లితే కట్టడం బిగువు తగ్గుతుంది. బిగువు తగ్గితే ఊపు ఇంకా నెమ్మదిస్తుంది. సెకనున్నర ఉన్నది కాస్తా రెండు సెకన్ల వైపు జరుగుతుంది. అంటే చిట్లిన కొద్దీ భూకంపం లయకు దగ్గరవుతుంది! మూడు నాలుగు సెకన్ల ఎత్తయిన టవరుకు ఇదే గుణం కలిసొస్తుంది. చిట్లినా అది ఆ లయకు ఇంకా దూరం జరుగుతుంది.

సరిగ్గా 32 ఏళ్ల తర్వాత అదే తేదీన, 2017 సెప్టెంబరు 19న, వార్షిక భూకంప విన్యాసం ముగిసిన రెండు గంటలకు, నగరాన్ని ఇంకో భూకంపం కుదిపింది. తీవ్రత 7.1, దూరం 120 కిలోమీటర్లు. ఈసారి తరంగాల లయ వేగంగా ఉంది. ఎక్కువగా దెబ్బతిన్నవి నాలుగు నుంచి ఎనిమిది అంతస్తులవి.

770 కిలోమీటర్ల దూరంలో పది నిమిషాల ఊపు

జపాన్‌లో 2011 మార్చి 11న 9.0 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఒసాకా వీధుల్లో నడిచేవాళ్లకు అది ఓ మోస్తరు కదలిక. అదే నగరంలో 256 మీటర్ల, 55 అంతస్తుల సకిషిమా టవరు పై అంతస్తులు పది నిమిషాల పాటు ఊగాయి. ఒక్కో పక్కకు 1.37 మీటర్ల దాకా. లిఫ్టులు ఆగి లోపల మనుషులు చిక్కుకుపోయారు, సీలింగు పలకలు రాలాయి. కేంద్రం అక్కడికి దాదాపు 770 కిలోమీటర్లు.

చిన్న కాలపు తరంగాలు రాళ్లలో ప్రయాణిస్తూ తొందరగా అరిగిపోతాయి. దీర్ఘకాలపు తరంగాలు మొండివి, వందల కిలోమీటర్లు నడుస్తాయి. ఒసాకా మైదానం కింద పేరుకున్న మట్టి పొరలు వాటిని పట్టుకుని ఇంకా పెంచాయి. ఆ మైదానం ఊపూ టవరు ఊపూ ఆరు సెకన్లు దాటి ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. నేల మీద మనిషికి తెలిసే తీవ్రతను బట్టి టవర్ల వాళ్లకు హెచ్చరిక ఇవ్వలేమని జపాన్ వాతావరణ సంస్థ గ్రహించి, ఎత్తయిన మేడల కోసమే నాలుగు మెట్ల దీర్ఘకాల కంపన కొలమానాన్ని తెచ్చింది. 2023 ఫిబ్రవరి నుంచి ముందస్తు హెచ్చరికల్లోనూ దాన్ని వాడుతున్నారు. నిజానికి ఈ మొండి తరంగాల సంగతి చమురు కంపెనీలకు ముందే తెలుసు. 2003లో హొక్కైడో దగ్గర వచ్చిన భూకంపానికి, రెండొందల కిలోమీటర్ల పైన ఉన్న తొమకొమాయిలో పెద్ద పెద్ద ట్యాంకుల్లో చమురు ఎగిసిపడి మంటలు లేచాయి.

2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో భూకంపం వస్తే వెయ్యి కిలోమీటర్ల దూరంలోని బ్యాంకాక్‌లో మేడల మీది ఈతకొలనుల నీళ్లు జలపాతాల్లా వీధుల్లోకి దూకడం మనమంతా ఫోన్లలో చూశాం. బ్యాంకాక్ కూడా మెత్తటి బంకమట్టి మీది నగరమే. నిర్మాణంలో ఉన్న ప్రభుత్వ ఆడిట్ కార్యాలయపు టవరు క్షణాల్లో కుప్పకూలింది. కానీ అదే ఊపుకు ఊగిన వందలాది టవర్లు నిలబడ్డాయి. కూలిన ఆ ఒక్కదానికీ తరంగాన్నే దోషిని చేస్తే కట్టినవాళ్లు గట్టున పడతారు.

అహ్మదాబాద్‌లో ఏం జరిగింది?

ఇది మనకు దగ్గరి కథ, కాస్త నిదానంగా చూడాలి. 2001 జనవరి 26, గణతంత్ర దినోత్సవం, ఉదయం 8:46. కేంద్రం కచ్‌లోని భుజ్ దగ్గర. రెండొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు పదుల సంఖ్యలో కూలాయి. వాటిలో చాలావరకు గ్రౌండ్ ప్లస్ నాలుగు, గ్రౌండ్ ప్లస్ పది. పాత నదీ మేటల మీది నేల కొంత కారణం. రెండో కారణం మన ప్రతి కాలనీలోనూ కనిపించేదే. కింద పార్కింగు కోసం గోడల్లేకుండా వదిలేసిన అంతస్తు.

పై అంతస్తుల్లో పిల్లర్ల మధ్య ఇటుక గోడలుంటాయి. అవి బరువు మోయడానికి కట్టినవి కాకపోయినా పక్క ఊపును బాగా అడ్డుకుంటాయి. అందువల్ల పైన అయిదంతస్తులూ బిగుసుకుపోయి ఒకే పెట్టెలా కదులుతాయి. కింద ఉత్త పిల్లర్లు. మామూలుగా అన్ని అంతస్తులూ తలా కొంచెం పంచుకోవాల్సిన పక్క కదలికంతా ఆ ఒక్క అంతస్తు మీద పడుతుంది. ఐఎస్ 1893 లెక్కల్లో ఒక అంతస్తు పైభాగం, కింది భాగంతో పోలిస్తే ఎత్తులో వెయ్యికి నాలుగు వంతుల కన్నా ఎక్కువ జరగకూడదు. మూడు మీటర్ల అంతస్తుకు 12 మిల్లీమీటర్లు, మన చిటికెన వేలి మందం. నిజమైన పెద్ద భూకంపంలో అంతకు కొన్ని రెట్లు జరుగుతుందని ప్రమాణం రాసినవాళ్లకూ తెలుసు. అప్పుడు పిల్లరు విరక్కుండా వంగాలి.

వంగడం, విరగడం, ఈ రెంటి మధ్య తేడా రింగుల్లో ఉంటుంది. పిల్లరు నిలువు రాడ్ల చుట్టూ కట్టే సన్నటి ఇనుప రింగును సెంట్రింగు దగ్గర ఎప్పుడైనా గమనించండి. చుట్టు పూర్తయ్యాక కొసను లోపలికి, పిల్లరు గుండె వైపుకు, 135 డిగ్రీలు మడవాలి. మన దగ్గర చాలాచోట్ల పని సులువని 90 డిగ్రీల దగ్గరే ఆపేస్తారు. కాంక్రీటు పైపొర రాలగానే అలాంటి రింగు విచ్చుకుంటుంది. పట్టు తప్పిన నిలువు రాడ్లు బయటికి ఉబ్బుతాయి, లోపలి కాంక్రీటు నలిగిపోతుంది. లోపలికి మడిచిన కొస అయితే ఇరుక్కుని ఉండిపోతుంది. రింగుకు అదనంగా పట్టే ఇనుము జానెడు కూడా ఉండదు. ఇటాలియన్ మార్బుల్ ఎన్ని ఎం.ఎం. అని అడిగే ఫ్లాటు కొనుగోలుదారులు ఈ మడత గురించి అడగ్గా నేను వినలేదు. భుజ్ తర్వాత ఐఐటీ కాన్పూర్ తరఫున ప్రొఫెసర్ సి.వి.ఆర్. మూర్తి రాసిన ‘ఎర్త్‌క్వేక్ టిప్స్’ చిన్న వ్యాసాల్లో ఇలాంటివన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. ఇల్లు కట్టించుకునే వాళ్లెవరైనా చదవొచ్చు.

తైపీ గోళం అసలు డ్యూటీ గాలి

తైపీ 101 టవరు ఎత్తు 508 మీటర్లు. పై అంతస్తుల్లో 660 టన్నుల ఉక్కు గోళం తాళ్లకు వేలాడుతూ ఉంటుంది. మేడ ఒక పక్కకు జరిగితే అది వెనకబడి, రెండో పక్కకు లాగుతుంది. భూకంపం వచ్చినప్పుడల్లా దాని వీడియో చక్కర్లు కొడుతుంది కానీ దాన్ని పెట్టింది ప్రధానంగా తుపాను గాలికి. 2015లో సౌడెలోర్ తుపానుకు అది మీటరు దాకా ఊగింది. టవరు కడుతుండగా, 2002 మార్చి 31న వచ్చిన భూకంపానికి 56వ అంతస్తు ఎత్తు నుంచి క్రేన్లు కూలి అయిదుగురు చనిపోయారు. కట్టడం ఫ్రేము మాత్రం చెక్కుచెదరలేదు.

భూకంపం కోసమే వేలాడదీసిన బరువులు చూడాలంటే టోక్యో షింజుకు వెళ్లాలి. 2011లో అక్కడి 55 అంతస్తుల మిత్సుయి భవనం పైన రెండు మీటర్ల వరకు ఊగితే, 2015లో దాని కప్పు మీద ఒక్కొక్కటి 300 టన్నులుండే లోలకాలు ఆరు బిగించారు. మెక్సికో సిటీలో 225 మీటర్ల టోరే మయోర్ టవరుది వేరే దారి. ఫ్రేములో దాదాపు వంద డ్యాంపర్లు పెట్టారు, వాహనాల షాక్ అబ్జార్బర్ల తరహావి. ఊపులోని శక్తిని అవి వేడిగా మార్చేస్తాయి.

రబ్బరు దిమ్మెలు ఎత్తయిన మేడలకు అంతగా పనికిరావు

భుజ్‌లో కూలిన జిల్లా ఆసుపత్రి స్థానంలో కొత్తది కట్టినప్పుడు దాన్ని సీసపు గుండె ఉన్న రబ్బరు దిమ్మెల మీద నిలబెట్టారు. న్యూజీలాండ్‌లో పుట్టిన పద్ధతి ఇది. సెకనులో సగం ఊపున్న పొట్టి కట్టడం వీటి మీదకెక్కగానే రెండు మూడు సెకన్ల ఊపుకు మారి భూకంపపు చురుకైన లయను తప్పించుకుంటుంది. అయితే నలభై అంతస్తుల టవరుకు ఆ నెమ్మది ఊపు పుట్టుకతోనే ఉంది. దిమ్మెల వల్ల దానికొచ్చే లాభం తక్కువ.

ఊగాలా, బిగుసుకోవాలా? జపాన్‌లో ఏళ్ల తరబడి నలిగిన పేచీ

1923లో టోక్యోను కాల్చి కూల్చిన కాంటో భూకంపం తర్వాత ఇంజినీర్లు రెండు వర్గాలయ్యారు. సానో టొషికాటా వైపువాళ్లు గోడలు దట్టించి బిగువుగా కట్టాలన్నారు. నౌకాదళ ఇంజినీరు మజిమా కెంజబురో వంగనిస్తేనే మేలన్నాడు. అప్పటికి పెద్ద భూకంపంలో నేల నిజంగా ఎలా కదిలిందో రాసిపెట్టిన గ్రాఫు ఒక్కటీ లేదు. కాబట్టి ఎవరూ నెగ్గలేదు, ఆచరణలో బిగువు వర్గానిది పైచేయి. పైగా అప్పట్లో 31 మీటర్ల ఎత్తు మించకూడదని చట్టం. 1940లో కాలిఫోర్నియాలోని ఎల్ సెంట్రోలో వచ్చిన భూకంపాన్ని పరికరం పూర్తిగా గీసింది. ఆ గీత ప్రపంచంలోని భూకంప ఇంజినీర్లందరి చేతుల్లోకీ వెళ్లింది. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ముటో కియోషి లెక్కలతో 1968లో టోక్యోలో 36 అంతస్తుల కసుమిగసెకి భవనం లేచింది. జపాన్ తొలి ఆకాశహర్మ్యం, వంగే రకం. మజిమా వాదన గెలిచిందని అనొచ్చు, ఒసాకా టవరు ఊపు చూశాక పూర్తిగా గెలిచిందని నేనైతే అనను.

భూకంపం లేకుండానే ఊగిన మేడ

2011 జులైలో సియోల్‌లోని 39 అంతస్తుల టెక్నోమార్ట్ పది నిమిషాల పాటు ఊగితే జనం పరుగులు తీశారు. భూకంపమేదీ నమోదు కాలేదు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, లోపలి జిమ్ములో పదిహేడు మంది పాటకు తగ్గట్టు టే-బో అనే వ్యాయామపు గెంతులు వేస్తున్నారట. వాళ్ల గెంతుల లయ కట్టడపు ఊపుతో కలిసింది.

మేడ ఊపు వయసుతో మారుతుంది

కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో మిలికన్ లైబ్రరీ అని తొమ్మిదంతస్తుల కట్టడం ఉంది. ఇప్పుడు కాల్టెక్ హాల్ అంటున్నారు. 1960ల నుంచి దాని కప్పు మీద ఒక యంత్రం పెట్టి కావాలనే ఊపుతూ కొలుస్తున్నారు. 1971 శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత దాని ఊపు నెమ్మదించి, మళ్లీ పూర్తిగా పాత స్థితికి రాలేదు. కంటికి పెద్ద నష్టమేదీ కనిపించకపోయినా ఊపు మాత్రం పట్టించింది. జోరు వాన పడితే తాత్కాలికంగా వేగం పెరుగుతుంది కూడా.

మధ్య అంతస్తు ఎందుకు నలుగుతుంది?

1995 భూకంపంలో కోబే నగరపాలక కార్యాలయం ఎనిమిదంతస్తుల అనుబంధ భవనంలో ఆరో అంతస్తు ఒక్కటే అప్పడమైంది. కిందా పైనా నిలిచాయి. పైకి వెళ్లే కొద్దీ ఉక్కు తగ్గించి కట్టిన చోట, ఆ మారిన అంతస్తులో బలం ఒక్కసారిగా పడిపోయింది. మేడ ఒకే తీరుగా ఊగదు. మొత్తంగా వంగే ఊపుతో పాటు మధ్యలో మెలికలు తిరిగే చురుకైన ఊపులూ ఉంటాయి. మేడ ఎంత ఎత్తయితే వీటి పాత్ర అంత ఎక్కువ.

మన కింద రాయి ఉందా, ఒండ్రు ఉందా?

2024 డిసెంబరు 4 ఉదయం 7:27కి ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన కదలిక హైదరాబాద్, వరంగల్, ఖమ్మం, విజయవాడ దాకా తెలిసింది. 1969లో భద్రాచలం దగ్గర వచ్చినదాని తీవ్రత 5.7. ఈ స్థాయివి దీర్ఘకాలపు తరంగాలను పెద్దగా పుట్టించవు. వాటి కుదుపు చురుకైనది, పొట్టి కట్టడాలకే ఎక్కువ తగులుతుంది. హైదరాబాద్ చాలావరకు గ్రానైటు మీద కూర్చుంది. 2002 నాటి భూకంప మండలాల పటంలో అది రెండో మండలం. విజయవాడ, భద్రాచలం మూడో మండలం. విజయవాడ దాటితే కృష్ణా, గోదావరి డెల్టాల ఒండ్రు మందంగా మొదలవుతుంది. కాబట్టి గచ్చిబౌలి టవరుకు సరిపోయిన లెక్కను తెచ్చి బెజవాడ కృష్ణ ఒడ్డున అతికించడం కుదరదు. అక్కడ ముందు మట్టి పరీక్ష బోరు ఎంత లోతుకు దించారో అడగాలి.

రెండు మేడల మధ్య జాగా

ఊగే మేడకు పక్కన చోటు కావాలి. మెక్సికోలో చాలా మేడలు పక్కవాటిని గుద్దుకుని దెబ్బతిన్నాయి. రెండింటి స్లాబులూ ఒకే మట్టంలో ఉంటే దెబ్బ స్లాబు మీద పడుతుంది, కొంత ఓర్చుకుంటుంది. మట్టాలు తేడాగా ఉంటే ఒకదాని స్లాబు అంచు రెండోదాని పిల్లరు నడుముకు తగులుతుంది. అందుకే మట్టాలు కలిసినచోట ఐఎస్ 1893 తక్కువ జాగాకు ఒప్పుకుంటుంది, కలవనిచోట ఎక్కువ అడుగుతుంది. రెండు మేడలూ ఎంతెంత ఊగుతాయో విడివిడిగా లెక్కించి, కలిపి, ఆ మొత్తాన్ని మళ్లీ పెంచి వదలమంటుంది. పాత బస్తీల్లో, బజారు వీధుల్లో రెండు గోడల మధ్య వదిలింది ఎంతంటే, సున్నం వేయడానికి మనిషి దూరలేక ఆ గోడలు కట్టిన నాటి ఇటుక రంగులోనే ఉండిపోయాయి.